పూల మోనోగ్రామ్ ఎంబ్రాయిడరీ: దారపు రంగులు, కుట్ల ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

పేర్లలోని మొదటి అక్షరాలను ఒక అలంకారంగా తీర్చి, వాటి చుట్టూ గానీ వాటిలోపల గానీ పూలు కుట్టే పనిని పూల మోనోగ్రామ్ అంటున్నాము. కింది సమాధానాలన్నీ చేతితో కుట్టే ఎంబ్రాయిడరీకి సంబంధించినవి. మిషన్ ఎంబ్రాయిడరీలో దారం, సాంద్రత, అస్తరు లెక్కలు వేరు కాబట్టి వాటి జోలికి వెళ్ళడం లేదు.

ముందు రంగులు ఎంచుకోవాలా, కుట్లు ఎంచుకోవాలా?

ఆ రెండింటికంటే ముందు, చూసినవారి కన్ను మొదట అక్షరం మీద పడాలా, పూల మీద పడాలా అన్నది తేల్చుకోవాలి. పూల మోనోగ్రామ్‌లు ప్రధానంగా మూడు రకాలుగా ఉంటాయి: అక్షరాన్ని నిండుగా కుట్టి పక్కన పూలగుత్తి పెట్టడం, అక్షరం ఆకారాన్ని పూలతోనే నింపడం, చుట్టూ పూలు కుట్టి మధ్యలో అక్షరాన్ని ఖాళీ గుడ్డగా వదిలేయడం. మొదటి రకంలో అక్షరానికి బలమైన కుట్టు, ముదురు రంగు కావాలి. రెండో రకంలో అక్షరానికి విడిగా రంగు ఉండదు. పూల అంచులే అక్షరపు గీతలవుతాయి కనుక ఆ అంచులు కచ్చితంగా, రేకులు చిన్నవిగా ఉండాలి. మూడో రకంలో పూలు దట్టంగా లేకపోతే అక్షరం అసలు కనబడదు. మొదటిసారి కుట్టేవారికి మొదటి రకమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అందులో పూలు కొంచెం అటూ ఇటూ అయినా అక్షరం చదవడానికి వీలుగానే ఉంటుంది.

అక్షరానికి రంగు ఎలా నిర్ణయించాలి?

చాలామంది నచ్చిన రంగుతో మొదలుపెడతారు గానీ, చదవడానికి వీలుగా ఉండటం రంగు పేరు మీద కంటే అది ఎంత ముదురు, ఎంత లేత అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. గులాబీ రంగు అక్షరం, ఆకుపచ్చ ఆకులు అనుకోండి. పేరుకు రెండూ పూర్తిగా వేరు రంగులే అయినా, రెండూ ఒకే స్థాయి ముదురువైతే నాలుగడుగుల దూరం నుంచి కలగాపులగంగా కనిపిస్తాయి. దీన్ని పరీక్షించడానికి తేలికైన మార్గం ఒకటుంది. అనుకున్న దారపు లచ్చులన్నిటినీ కుట్టబోయే గుడ్డ మీద పక్కపక్కన పరిచి, ఫోన్‌తో ఫోటో తీసి, దాన్ని నలుపు తెలుపుగా మార్చి చూడండి. అక్షరానికి అనుకున్న దారం మిగతా వాటన్నిటికంటే స్పష్టంగా ముదురుగా గానీ, ముదురు గుడ్డ అయితే స్పష్టంగా లేతగా గానీ కనిపించాలి. రెండు లచ్చులు ఒకే బూడిద రంగులో కలిసిపోతే వాటిలో ఒకదాన్ని మార్చక తప్పదు.

తెల్లటి గుడ్డ మీద అక్షరానికి నలుపు వాడటానికి నేను వెనకాడతాను. పూల లేత రంగుల పక్కన నలుపు మరీ కటువుగా నిలబడి, పూలను వెలిసిపోయినట్టు చేస్తుంది. ముదురు నీలం, ముదురు కాఫీ రంగు, ముదురు ఆకుపచ్చ, వంకాయ రంగు వంటివి నలుపు చేసే పనినే కొంచెం మెత్తగా చేస్తాయి.

పూలకు ఎన్ని ఛాయలు కావాలి?

ఒక పువ్వుకు మూడు ఛాయలు చాలు: మధ్యలో లేదా రేకుల మొదట్లో ముదురు, రేకుల నిడివిలో మధ్యమం, అంచున లేత. అక్షరం ఎత్తు 3 సెంటీమీటర్ల లోపు ఉంటే పువ్వు వేలిగోరు కంటే చిన్నదవుతుంది కాబట్టి అక్కడ రెండు ఛాయలే సరిపోతాయి. మూడోది పెట్టినా కంటికి ఆనదు. మొత్తం పనిలో అక్షరంతో కలిపి ఆరేడు రంగులు మించకుండా చూసుకోవడం మంచిది.

ఒక ఉదాహరణ చూద్దాం. డీఎంసీ అనే కంపెనీ దారాల్లో సాల్మన్ గులాబీ కుటుంబానికి 761, 760, 3328 అనే ఛాయలు లేత నుంచి ముదురుకు వరుసగా వస్తాయి. వీటితో పువ్వు కుట్టి, ఆకులకు ఫెర్న్ ఆకుపచ్చలో 522, 520 తీసుకుని, పూల మధ్య చుక్కలకు లేత పసుపు 744 వాడి, అక్షరాన్ని ముదురు నీలం 336తో కుడితే మొత్తం ఏడు రంగులు అవుతాయి. ఇందులో 336 అన్నిటికంటే ముదురు, 744 అన్నిటికంటే లేత; మిగతావి మధ్యలో మెట్లు మెట్లుగా నిలుస్తాయి. వేరే కంపెనీ దారం వాడేటప్పుడు అంకెలు మారతాయి కాబట్టి ఈ మెట్ల వరుసను చూసి ఎంచుకుంటే సరిపోతుంది.

రెండు రకాల పూలు ఉంటే రెండిటికీ సమానంగా రంగు పంచకండి. పెద్ద పువ్వు ఒక రంగు కుటుంబాన్ని తీసుకుంటే, చిన్న పూలు దానికి పొరుగున ఉన్న రంగులోనో, చాలా లేత రంగులోనో ఉండాలి. మూడోదిగా ఏదైనా తళుక్కుమనే రంగు పెట్టాలనిపిస్తే దాన్ని రెండు మూడు ముడులకు పరిమితం చేస్తే చాలు.

ఆకులకు ఏ ఆకుపచ్చ తీసుకోవాలి?

పూల మోనోగ్రామ్‌లు చెడిపోయేది చాలావరకు ఇక్కడే. షాపులో చూడగానే ఆకట్టుకునే పచ్చిపచ్చని చిలకాకుపచ్చ, కుట్టాక పూలను వెనక్కి నెట్టి తాను ముందుకు వస్తుంది. కొంచెం బూడిద కలిసినట్టున్న, లేదా కొంచెం పసుపు, గోధుమ రంగు కలిసినట్టున్న ఆకుపచ్చలు పూలకు అణిగి ఉంటాయి. నారింజ, ఎరుపు, పసుపు వంటి వెచ్చని రంగుల పూలకు పసుపు వైపు మొగ్గే ఆకుపచ్చ, నీలం, ఊదా, చల్లని గులాబీ పూలకు బూడిద వైపు మొగ్గే ఆకుపచ్చ నప్పుతాయి. కాడలను ఆకుల కంటే ఒక మెట్టు ముదురుగా కుడితే, సన్నగా ఉన్నా నిలబడతాయి.

లచ్చిలో చక్కగా కనిపించిన రంగు గుడ్డ మీద వేరుగా ఎందుకు కనిపిస్తుంది?

ఇందుకు మూడు కారణాలున్నాయి. మొదటిది పరిమాణం. లచ్చిలో వందల పోగులు ఒకదానిపై ఒకటి ఉండి రంగు చిక్కగా కనిపిస్తుంది. అదే దారాన్ని రెండు పోగుల గీతగా కుట్టినప్పుడు చుట్టూ ఉన్న గుడ్డ రంగు కంటిలో దానితో కలిసి, గీత లేతబడినట్టు అనిపిస్తుంది. అందుకే సన్నని గీతలకు అనుకున్నదానికంటే ఒక మెట్టు ముదురు ఛాయ తీసుకోవాలి.

రెండోది ఇరుగుపొరుగు. పారిస్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకాల విభాగాన్ని చూసిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రెల్‌కు, నల్ల దారం నిండుగా కనిపించడం లేదన్న ఫిర్యాదులు వచ్చాయి. పరిశీలించగా లోపం అద్దకంలో లేదని, పక్కనున్న రంగుల ప్రభావం వల్ల కంటికి నలుపు అలా తోస్తున్నదని ఆయన గ్రహించారు. ఆ పరిశోధన 1839లో పుస్తకంగా వచ్చింది. ఎంబ్రాయిడరీలో ఇది రోజూ ఎదురయ్యే విషయమే: ఎర్రటి పువ్వును ఆనుకున్న బూడిద ఆకు కొంచెం పచ్చగా, అదే ఆకు పసుపు పువ్వు పక్కన కొంచెం ఊదాగా కనిపిస్తుంది.

మూడోది వెలుతురు. పసుపు కాంతినిచ్చే బల్బు కింద నీలం, ఊదా ఛాయల మధ్య తేడా దాదాపు కనుమరుగవుతుంది. రంగులు ఎంచుకునే పని పగటి వెలుతురులో, కిటికీ దగ్గర చేసుకుని, ఆ వస్తువు ఎక్కువగా ఎక్కడ వాడతారో అక్కడి దీపం కింద ఒకసారి సరిచూసుకోవాలి.

రంగు గుడ్డ మీద, లేదా తెల్లగుడ్డ మీద తెల్లదారంతో కుట్టవచ్చా?

రెండూ కుట్టవచ్చు. ముదురు గుడ్డ మీద లెక్క తలకిందులవుతుంది: అక్షరం అన్నిటికంటే లేతగా ఉండాలి, పూలలోని ముదురు ఛాయలు గుడ్డలో కలిసిపోతాయి కాబట్టి వాటిని ఒకటి రెండు మెట్లు పైకి జరపాలి. స్వచ్ఛమైన తెలుపు ముదురు గుడ్డ మీద కళ్ళలో గుచ్చుకుంటుంది. మీగడ తెలుపు లేదా దంతపు రంగు నయం.

తెలుపు మీద తెలుపు అయితే రంగు చేసే పనంతా కుట్టు చేయాలి. అక్కడ అక్షరాన్ని కింద మెత్త వేసిన శాటిన్ కుట్టుతో (దారాలను పక్కపక్కన ఒత్తుగా పరిచి నింపే కుట్టు) ఉబ్బెత్తుగా తీర్చి, పూలను పలుచని గీతలతో, చిన్న ముడులతో, అక్కడక్కడ వేసిన చుక్క కుట్లతో నింపితే, ఉబ్బెత్తుగా ఉన్నచోట నీడ పడి అక్షరం దానంతటదే తేలుతుంది.

ఏ రకం దారం వాడాలి?

ఆరు పోగుల నూలు దారం, అంటే సాధారణంగా 8 మీటర్ల లచ్చిలో వచ్చేది, ఈ పనికి అన్నిటికంటే అనుకూలం. పోగులను విడదీసి కావలసినన్ని వాడుకోవచ్చు. దీనికి ఉన్న నిగనిగకు కారణం మెర్సరైజేషన్. నూలును కాస్టిక్ సోడాతో శుద్ధి చేసే ఈ పద్ధతికి జాన్ మెర్సర్ 1850లో పేటెంటు పొందగా, నూలును బిగలాగి ఉంచి అదే పని చేస్తే మెరుపు వస్తుందని 1890లో హోరేస్ లో (Horace Lowe) అనే ఆయన చూపించారు. శాటిన్ కుట్టులో అక్షరం మెరిసేది ఆ నిగనిగ వల్లనే కనుక, మెర్సరైజ్ చేయని మామూలు కుట్టు దారం ఇక్కడ వెలవెలబోతుంది.

పెర్ల్ కాటన్ అనే నూలు దారం పురి తిప్పి వస్తుంది, దాన్ని విడదీయకూడదు. దీని సైజుల్లో అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 8, 12 సైజులు గొలుసు కుట్టుకూ, అల్లిక గులాబీలకూ బాగుంటాయి. పట్టుదారం అందంగా ఉంటుంది గానీ తరచూ ఉతికే వస్తువు మీద వాడటం అనవసరమైన శ్రమ. రేయాన్ బాగా జారుతుంది, కొంచెం తడి చేసి కుడితే అదుపులో ఉంటుంది. జరీ దారాన్ని గుడ్డలోంచి పదే పదే లాగితే పైపూత చీలుతుంది కాబట్టి మూరెడులోపు ముక్కలే తీసుకుని, అక్షరం అంచు గీతకో, కేసరాల మీద ఒకటి రెండు చుక్కలకో వాడితే చాలు.

ఎన్ని పోగులతో కుట్టాలి, ఏ సూది వాడాలి?

శాటిన్ కుట్టుకు ఒకటి లేదా రెండు పోగులు, కాడలకు రెండు, ఫ్రెంచ్ ముడులకు (దారాన్ని సూదికి చుట్టి వేసే చిన్న ముడులు) రెండు లేదా మూడు. ఎంబ్రాయిడరీ సూదుల్లో అంకె పెరిగితే సూది సన్నబడుతుంది. రెండు పోగులకు 8 లేదా 9, ఒక పోగుకు 10 సరిపోతాయి. పోగులను గుత్తిగా కాకుండా ఒక్కొక్కటిగా పైకి లాగి, మళ్ళీ కలిపి సూదికి ఎక్కిస్తే పురి విడిపోయి కుట్టు పరుచుకుంటుంది. దారం ముక్క 45 సెంటీమీటర్లకు మించితే చివరికి వచ్చేసరికి నూగు లేచి మెరుపు పోతుంది.

అక్షరానికి ఏ కుట్టు మంచిది?

అక్షరపు గీత ఎంత వెడల్పు అన్నదాన్ని బట్టి ఉంటుంది. గీత 2 నుంచి 7 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే శాటిన్ కుట్టుకు సాటి లేదు. దానికంటే వెడల్పయితే పైన తేలే దారాలు పొడవై, గాజులకూ గోళ్ళకూ తట్టుకుంటాయి. అప్పుడు పొడవు పొట్టి కుట్టుతో నింపడమో, గొలుసు కుట్టు వరుసలను పక్కపక్కన వేయడమో చేయాలి. గీత సన్నగా, ఒకే మందంలో ఉంటే కాడకుట్టు (ఒక్కో కుట్టు ముందు కుట్టును కొంత ఆనుకుని సాగేది), గొలుసు కుట్టు, లేదా బ్యాక్ స్టిచ్ వేసి దాని మీద మరో దారాన్ని చుట్టే పద్ధతి మంచివి. చుట్టే దారం వేరే ఛాయలో తీసుకుంటే సన్నని పురిపెట్టినట్టు అందంగా వస్తుంది.

ఎక్కువమందికి పరిచయం లేని మరో పద్ధతి కూడా చెప్పాలి. ఐదారు పోగుల గుత్తిని గీత మీద పరిచి, ఒక్క పోగు దారంతో దాన్ని దగ్గర దగ్గరగా అడ్డంగా కప్పుతూ కుట్టుకుపోతే నునుపైన, గుండ్రటి తీగలాంటి గీత వస్తుంది. గీత సన్నబడాల్సిన చోట లోపలి గుత్తిలోంచి ఒక్కో పోగును కత్తిరించుకుంటూ పోవచ్చు. చిన్న అక్షరాల మీద శాటిన్ కుదరనప్పుడు ఇది ఆదుకుంటుంది, ఓపిక మాత్రం కావాలి.

శాటిన్‌కు ముందు మూడు పనులు చేయాలి. అక్షరం అంచు గీత వెంట ఒక పోగుతో స్ప్లిట్ కుట్టు (ప్రతి కుట్టూ ముందు కుట్టు దారాన్ని చీల్చుకుంటూ సాగేది) వేయాలి; తరువాత లోపలి భాగాన్ని పైకుట్టుకు అడ్డదిశలో సాగే గొలుసు కుట్టు లేదా రన్నింగ్ కుట్టుతో నింపి మెత్త వేయాలి; ఆపైన గుడ్డను రింగులో డప్పులా బిగించాలి. పైకుట్టు సూది అంచు కుట్టుకు సరిగ్గా అవతలి పక్కన దిగాలి. అంచు కుట్టు దారాన్ని కొద్దిగా ఎత్తిపట్టడం వల్లనే అక్షరం అంచు రంపపు పళ్ళలా కాకుండా కత్తితో కోసినట్టు వస్తుంది.

శాటిన్ కుట్టు వంపుల దగ్గర ఎందుకు చెదురుతుంది?

వంపులో బయటి అంచు పొడవు ఎక్కువ, లోపలి అంచు పొడవు తక్కువ. ప్రతి కుట్టునూ రెండు అంచులా పూర్తిగా దించితే లోపలి వైపు దారాలు కిక్కిరిసి ఉబ్బుతాయి, బయటి వైపు సందులు పడతాయి. అందుకని ప్రతి మూడు నాలుగు కుట్లకు ఒకసారి ఒక పొట్టి కుట్టు వేయాలి: అది బయటి అంచున మొదలై, లోపలి అంచు దాకా వెళ్ళకుండా, సగం దాటాక పక్క కుట్టు కిందికి దూరి మాయమవుతుంది. మొదలుపెట్టేముందు అక్షరం మీద నాలుగైదు చోట్ల పెన్సిల్‌తో కుట్టు వాలును గీసుకుంటే, ఒక గీత నుంచి మరో గీతకు వాలు క్రమంగా మారుతుంది. అక్షరమంతటా ఒకే ఏటవాలు ఉంచడం కూడా ఒక పద్ధతే. నిలువు గీతలున్న అక్షరాలకు అది బాగుంటుంది, కానీ కుట్ల దిశకు సమాంతరంగా సాగే గీత దగ్గర కుట్టు పొడవైపోతుంది.

దారం మెరుపు కుట్టు దిశను బట్టి మారుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఒకే రంగుతో కుట్టినా, అడ్డంగా సాగిన కుట్లు, నిలువుగా సాగిన కుట్లు రెండు ఛాయల్లా కనిపిస్తాయి. పూల రేకుల్లో ఇది వరం.

తెలుగు అక్షరాలతో మోనోగ్రామ్ కుట్టేటప్పుడు ఏం గమనించాలి?

తెలుగు అక్షరాలు గుండ్రంగా, చాలావరకు ఒకే మందంలో సాగుతాయి. కాబట్టి మందం సన్నం మారే ఇంగ్లీషు రాత అక్షరాలకు శాటిన్ ఎలా సహజమో, మనవాటికి కాడకుట్టు, గొలుసు కుట్టు అలా సహజం. వంపు బిగుతుగా ఉన్నచోట కుట్టు పొడవును సగానికి తగ్గించాలి, లేకపోతే గుండ్రటి అక్షరం పలకలు పలకలుగా తయారవుతుంది. తలకట్టు మడత దగ్గర వరుసను కొనసాగించకుండా, ఆ మొనలోనే కుట్టును దించి, వెనక్కి భద్రం చేసి, కొత్త దిశలో మళ్ళీ మొదలుపెడితే మొన తేరుకుంటుంది.

అసలు జాగ్రత్త పూలను పెట్టే చోటు విషయంలో కావాలి. మన లిపిలో చిన్న గీత, చిన్న చుక్క అక్షరాన్నే మార్చేస్తాయి. 'ద' కింద ఒక మొగ్గ కాడ నిలువుగా వేలాడితే అది 'ధ' అవుతుంది. 'ప' కింద వేలాడితే 'ఫ'. 'ర' మధ్యలో అందంగా ఉందని ఒక ఫ్రెంచ్ ముడి వేస్తే దాన్ని 'ఠ' అని చదువుతారు. 'ప' కడుపులో వాలుగా ఉన్న చిన్న ఆకు 'ష'ను తలపిస్తుంది. అందుచేత అక్షరం కింది భాగాన్ని, లోపలి ఖాళీని వదిలి, కుడిపక్కన బయటి వంపు వెంటో, ఎడమ పక్కనో పూలగుత్తిని ఉంచడం క్షేమం. గుణింతం, ఒత్తు ఉన్న అక్షరమైతే వాటిని కూడా అక్షరపు రంగుతోనే కుట్టాలి. ఒత్తును పూలతో కలిపేస్తే పేరు పోతుంది. 'శ్రీ' వంటి అక్షరానికి కనీసం 4 సెంటీమీటర్ల ఎత్తు ఇవ్వకపోతే గుడిదీర్ఘానికీ క్రావడికీ చోటు చాలదు.

ఏ పువ్వుకు ఏ కుట్టు నప్పుతుంది?

గులాబీకి అల్లిక చక్రం కుట్టు సులువైనది, చూడటానికి నిండైనది. చిన్న వృత్తం గీసి, మధ్య నుంచి అంచుకు ఐదు లేదా ఏడు ఆకులు, అంటే బండి చక్రపు ఆకుల్లాంటి తిన్నని పొడవాటి కుట్లు, వేయాలి. ఆకులు బేసి సంఖ్యలో ఉంటేనే దారం ఒకదాని పైనుంచి, తరువాతి దాని కిందినుంచి అల్లుకుంటూ ప్రతి చుట్టులోనూ స్థానం మార్చుకుంటుంది. మధ్యలో రెండు చుట్లు ముదురు ఛాయతో, తరువాత మధ్యమంతో, బయట లేతతో అల్లాలి. ఆకులను పూర్తిగా కప్పిన తరువాత కూడా ఒకటి రెండు చుట్లు వదులుగా అల్లితే రేకులు విచ్చుకున్నట్టు ఉంటుంది. చిన్న గులాబీలకు బులియన్ ముడులు (దారాన్ని సూదికి చాలాసార్లు చుట్టి పొడవుగా వేసేవి) బాగుంటాయి, వాటికి మాత్రం బెజ్జం దగ్గర ఉబ్బెత్తు లేని మిల్లినర్ సూది తీసుకోకపోతే చుట్లలోంచి సూది బయటికి రావడం గగనమే.

ఐదు రేకుల చిన్న పూలకు లేజీ డైసీ కుట్టు, అంటే ఒక్కో రేకుకు ఒక్కో విడి గొలుసు ఉంగరం వేసే కుట్టు, చాలు. ప్రతి రేకు లోపల ఒక మెట్టు ముదురు దారంతో పొట్టి తిన్నని కుట్టు వేస్తే రేకుకు లోతు వస్తుంది. వెడల్పైన రేకులున్న పువ్వులకు, అంటే గసగసాల పువ్వు వంటివాటికి, ఒక పోగుతో పొడవు పొట్టి కుట్టు వేయాలి: మొదటి వరుస బయటి అంచు నుంచి లోపలికి, రెండో వరుస మొదటి వరుస దారాలనే చీల్చుకుంటూ, కుట్లన్నీ పువ్వు మధ్యభాగం వైపు చూస్తూ ఉండాలి. ఛాయలు ఎంత దగ్గరగా ఉంటే కలయిక అంత నునుపు. మధ్యలో ఛాయ దొరకనప్పుడు రెండు ఛాయల నుంచి ఒక్కో పోగు తీసి ఒకే సూదికి ఎక్కిస్తే నడిమి రంగు తయారవుతుంది.

ఫ్రెంచ్ ముడి పెద్దగా కావాలంటే చుట్లు పెంచకండి, పోగులు పెంచండి. మూడు నాలుగు చుట్లు వేసిన ముడి పక్కకు వాలిపోతుంది. ఆకులకు రెండు అంచుల నుంచి మధ్యకు వాలుగా సాగే ఫిష్‌బోన్ కుట్టు వేస్తే మధ్య ఈనె దానంతటదే ఏర్పడుతుంది. సన్నని ఆకులకు లేజీ డైసీ, ఫెర్న్ రెమ్మలకు Y ఆకారంలో వచ్చే ఫ్లై కుట్టు, కాడలకు కాడకుట్టు.

ఒక్క మాట: అక్షరాన్ని శాటిన్‌తో నునుపుగా కుట్టి ఉంటే పూలు ముడులతో, అల్లికతో గరుకుగా ఉండాలి, అక్షరం గొలుసు కుట్టులో ఉంటే పూలు నునుపుగా ఉండవచ్చు. రెండూ ఒకే తీరులో ఉంటే రంగులు ఎంత బాగా కుదిరినా పని చప్పగా కనిపిస్తుంది.

పువ్వు అక్షరం మీదికి వచ్చిన చోట ముందు ఏది కుట్టాలి?

వెనుక ఉన్నదాన్ని ముందు, ముందున్నదాన్ని తరువాత కుట్టాలి. పువ్వు పూర్తిగా కప్పేసే చోట అక్షరాన్ని నిండుగా కుట్టనక్కరలేదు. పువ్వు అంచు లోపలికి ఒక మిల్లీమీటరు దాకా కుట్టి ఆపితే, ఆ తెగిన అంచు రేకుల కింద దాగుతుంది, ఎత్తు పేరుకుపోదు. తీగ అక్షరాన్ని చుట్టుకున్నట్టు చూపాలంటే అది ఎక్కడ పైనుంచి, ఎక్కడ కిందినుంచి వెళ్తుందో కాగితం మీదే గీసి తేల్చుకోవాలి. అక్షరానికీ తీగకూ ముదురుతనంలో తేడా తక్కువగా ఉంటే, అవి దాటే చోట రెంటి మధ్య వెంట్రుకవాసి గుడ్డ కనిపించేలా వదిలితే కలవకుండా ఉంటాయి.

ఒకే దారంలో రంగులు మారే షేడెడ్ దారం వాడవచ్చా?

పూలకు, ఆకులకు వాడవచ్చు, అక్షరానికి మాత్రం నేను సిఫారసు చేయను. శాటిన్‌లో రంగు మారే దారం అడ్డచారలుగా తేలి, లేత రంగు వచ్చిన చోట అక్షరం తెగినట్టు కనిపిస్తుంది. గొలుసు కుట్టు, కాడకుట్టు వంటి ముందుకు సాగే కుట్లలో రంగు నెమ్మదిగా మారుతుంది కాబట్టి అక్కడ చారలు పడవు. అల్లిక గులాబీకి దీనికంటే సులువైన దారి లేదు, ఒక్క దారంతోనే మూడు ఛాయలు వచ్చేస్తాయి.

తువ్వాలు, సాగే బట్ట వంటివాటి మీద ఎలా కుట్టాలి?

తువ్వాలు ఉంగరాల నూలులో సన్నని గీతలు మునిగిపోతాయి. నీటిలో కరిగే పలుచని పొరను పైన పరిచి, దాని మీదుగా మెత్త వేసిన శాటిన్‌తోనో, మందమైన గొలుసు కుట్టుతోనో కుట్టి, తరువాత తడిపితే పొర పోతుంది, అక్షరం పైన నిలుస్తుంది. అక్షరం 7 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉండాలి, పూలు తక్కువగా, పెద్దవిగా ఉండాలి. సాగే బట్టకు వెనుక అస్తరు అతికించి, రింగులో సాగదీయకుండా బిగించాలి. సాగదీసి కుడితే విప్పగానే ముడతలు పడతాయి.

దారం ఎంత తీసిపెట్టుకోవాలి?

శాటిన్ కుట్టులో గుడ్డకు పైన ఎంత దారం ఉంటుందో కిందా అంతే ఉంటుంది, కాబట్టి అంచనా కంటే రెట్టింపు పడుతుంది. అక్షరపు రంగులో ఒక లచ్చి అదనంగా ఒకేసారి కొనండి. అదే నంబరైనా వేరే విడతలో అద్దిన దారానికి సన్నని తేడా ఉండవచ్చు. పూలలో అది దాగుతుంది, అక్షరం మధ్యలో దాగదు.

అంతా కుట్టాక అక్షరం తేలడం లేదు. విప్పకుండా సరిచేయవచ్చా?

చాలాసార్లు చేయవచ్చు. మొదట అక్షరాన్ని ఆనుకున్న ఆకుల్లో రెండు మూడింటిని మాత్రం తీసేసి, అక్కడ ఖాళీ వదిలి చూడండి. రంగు మార్చడం కంటే చోటు ఇవ్వడం ఎక్కువ పనిచేస్తుంది. అది చాలకపోతే అక్షరపు రంగు కంటే రెండు మెట్లు ముదురు దారం ఒక్క పోగు తీసుకుని, అక్షరం కుడి, కింది అంచుల వెంట మాత్రమే కాడకుట్టు వేయండి. నాలుగు వైపులా గీస్తే బొమ్మలపుస్తకంలా కనిపిస్తుంది; రెండు వైపులే గీస్తే నీడలా ఉంటుంది. శాటిన్ కుట్టే పలుచగా పడి గుడ్డ కనిపిస్తుంటే మాత్రం దాన్ని విప్పి మళ్ళీ కుట్టాల్సిందే.

ఉతికినప్పుడు రంగు దిగకుండా ఏం చేయాలి?

కుట్టకముందే గుడ్డను ఉతికి ఆరబెట్టాలి, నూలు, నార గుడ్డలు మొదటి ఉతుకులో కుదించుకుంటాయి. ఎరుపు, ముదురు నీలం వంటి దారాలను తడిపిన తెల్లగుడ్డ మధ్య నొక్కి చూసి, మరక పడితే మరక పడటం ఆగేదాకా చల్లని నీటిలో జాడించాలి. నీటితో పోయే నీలి పెన్నుతో గీసుకుని ఉంటే ఇస్త్రీకి ముందే ఆ గీతలను చల్లని నీటితో పూర్తిగా తీసేయాలి, వేడి తగిలితే అవి గుడ్డలో నిలిచిపోవచ్చు. ముదురు దారాన్ని వెనుకవైపు సెంటీమీటరు కంటే ఎక్కువ దూరం లాక్కుపోకండి; తెల్లగుడ్డలోంచి అది గీతలా కనిపిస్తుంది. ఇస్త్రీ చేసేటప్పుడు మందపాటి తువ్వాలు మీద కుట్టు కిందివైపుకు వచ్చేలా బోర్లించి, వెనుకనుంచి మాత్రమే నొక్కాలి.